పాంప్లెమూస్ వృక్షోద్యానం: గంటలో చూసి వచ్చే చోటు కాదు

మారిషస్ రాజధాని పోర్ట్ లూయీకి ఈశాన్యంగా సుమారు 11 కిలోమీటర్ల దూరంలో ఉన్న పాంప్లెమూస్ వృక్షోద్యానాన్ని మేము ఒకే ప్రయాణంలో రెండుసార్లు చూశాం. మొదటిసారి మా యాత్రను ఏర్పాటు చేసిన ట్రావెల్స్ వారు దానికి ఒక్క గంట కేటాయించి, పెద్ద కలువల కొలను దగ్గర ఫొటోలు తీయించి, మళ్లీ బస్సెక్కించారు. నాకు మనసొప్పలేదు. రెండు రోజుల తరువాత నా భార్యతో కలిసి సొంతంగా వెళ్లి, ఉదయం గేటు తెరిచినప్పటి నుంచి మధ్యాహ్నం దాకా అక్కడే గడిపాను. ఈ సమీక్ష ఆ రెండో సందర్శనను గురించి.

పంపరపనసకు ఫ్రెంచి వారు పెట్టుకున్న పేరే ఈ ఊరి పేరు. అప్పటి ఫ్రెంచి పాలనలో 1735లో ఈ దీవికి గవర్నరుగా వచ్చిన లాబుర్దొనే ఓడలకు కూరగాయలు అందించడానికి ఇక్కడ తోట వేయించగా, దాన్ని 1770లో వృక్షోద్యానంగా మలిచినవాడు ఫ్రెంచి పాలనాధికారి పియెర్ ప్వావ్ర్. ఆయన ఇంటిపేరుకు ఫ్రెంచిలో మిరియమని అర్థం. చేసిన పని కూడా ఆ పేరుకు తగినదే. అప్పట్లో (నేటి ఇండోనేషియాలోని) మలుక్కా దీవుల మీద పెత్తనం చేస్తున్న డచ్చివారు లవంగం, జాజికాయల వ్యాపారాన్ని గుప్పిట్లో పెట్టుకుని, మొక్క గానీ మొలకెత్తే విత్తు గానీ బయటికి పోనిచ్చేవారు కారు. ప్వావ్ర్ మనుషులను పంపి వాటిని రహస్యంగా తెప్పించి ఇక్కడ నాటించాడు. మన పోపుల పెట్టెలోని దినుసుల కోసం ఇంత సాహసం జరిగిందని తెలిశాక, లవంగం చెట్టు ముందు నిలబడితే చూపు మారిపోతుంది.

తోట దాదాపు 37 హెక్టార్లు. తాటి జాతి చెట్లే 85 రకాలు ఉన్నాయంటారు. వాటిలో నన్ను ఎక్కువసేపు నిలిపినది శ్రీతాళం. మన పూర్వులు గ్రంథాలు రాసుకున్న తాళపత్రాలలో మేలైనవిగా పేరుపొందినవి ఈ చెట్టు ఆకులే. పుస్తక భాండాగారాల్లో ఆ పత్రాలను చూసిన నేను, విసనకర్రలా విచ్చుకున్న ఆ మహాపత్రాన్ని చెట్టు మీదనే చూడడం అదే మొదటిసారి. కొన్ని దశాబ్దాలు బతికి, జీవితంలో ఒకే ఒక్కసారి తలపై లక్షల పూలతో గోపురంలాంటి గుత్తి వేసి, కాయలు పండిన తరువాత ఆ చెట్టు చనిపోతుంది. మేము వెళ్లినప్పుడు ఏదీ పూయలేదు. అయినా నాకు లోటనిపించలేదు.

కొలనులోని పెద్ద కలువలు అమెజాన్ ప్రాంతానివి. పళ్లెంలా అంచు పైకి లేచిన ఆకులు రెండు మీటర్లకు మించి కూడా పెరుగుతాయి. అడుగు భాగాన ముళ్లు, దూలాల్లాంటి ఈనెలు ఉంటాయి. పువ్వు మొదటి సాయంత్రం తెల్లగా విచ్చుకుని, రెండో సాయంత్రానికి గులాబీ రంగుకు తిరుగుతుంది. ఆ మార్పు చూడాలనుకునేవారు మధ్యాహ్నం తరువాత వెళ్లడం మేలు. నీడ, ప్రశాంతత కావాలంటే మాత్రం ఉదయమే సరైన వేళ.

గైడును తప్పక తీసుకోండి. విదేశీయులకు ప్రవేశ రుసుము ఉంటుంది, గైడుకు వేరుగా చెల్లించాలి, అయినా ఆ డబ్బు వృథా కాదు. మాకు దొరికిన పెద్దాయన దాల్చిన, కర్పూరం ఆకులను నలిపి వాసన చూపించి, పేరు మమ్మల్నే చెప్పమన్నారు. సీసా ఆకారపు కాండంతో ఉండే తాళవృక్షం మారిషస్‌కే సొంతమని, దాని పుట్టిల్లు మారిషస్‌కు ఉత్తరాన ఉన్న చిన్న రౌండ్ దీవి అని ఆయన ద్వారానే తెలిసింది. తాబేళ్లు, జింకల ఆవరణలు పిల్లలున్నవారికి నచ్చుతాయి. మేము అక్కడ ఎక్కువసేపు ఆగలేదు.

దేశపు తొలి ప్రధాని శివసాగర్ రామ్‌గులామ్ అంత్యక్రియలు ఈ తోటలోనే జరిగాయి, సమాధి ఉంది. 1988 నుంచి తోటకు ఆయన పేరే. ఆయన పూర్వికుల్లాగే ఒప్పంద కూలీలుగా వచ్చిన వేలమందిలో తెలుగువారూ ఉన్నారు. కోరంగి రేవు నుంచి ఓడెక్కినందువల్ల వారికి ఇక్కడ ఆ రేవు పేరే స్థిరపడింది. ఉగాదికి ఈ దేశంలో సెలవు ఉండడానికి కారణం వారే. కాబట్టి ఇక్కడికి వచ్చే తెలుగువారు ఉదయం తోటను చూసి, అదే రోజు సాయంత్రంలోగా పోర్ట్ లూయీలో ఆ కూలీలు ఓడ దిగిన చోటైన ఆప్రవాసీ ఘాట్‌ను కూడా చూసేలా ఏర్పాటు చేసుకోవాలని నా సూచన. టోపీ, నీళ్లు, దోమల క్రీము, నడకకు అనువైన చెప్పులు వెంట ఉంచుకోండి. ప్యాకేజీలో వెళ్లేవారు ఈ తోటకు కనీసం మూడు గంటలు కేటాయించమని ముందే అడిగి రాయించుకోండి.