ఫోటో చూసి గీయడమా, కాలవ గట్టున కూర్చుని గీయడమా?

ఫోటో చూసి గీస్తే సుఖమే, కొంగ కదలదు, ఎండ మారదు, దోమలు కుట్టవు. కానీ ఫోన్ పైకెత్తి తీస్తే కొబ్బరిచెట్లన్నీ వెనక్కి వాలినట్టు పడతాయి, నీడలు నల్లగా ముద్దయిపోతాయి, మనం ఆ తప్పుల్నే శ్రద్ధగా దించేస్తాం. అదే మా కోనసీమలో కాలవ గట్టున ఓ అరగంట కూర్చోండి, చెట్టు వెలుతురు కోసం నీళ్లమీదికి వంగి, చివర్లో మళ్లీ ఎలా పైకి లేచిందో తెలుస్తుంది. చిన్న తెల్లకొంగకి కాళ్లు నలుపు, వేళ్లు పసుపు. నీళ్లలోంచి పాదం ఎత్తినప్పుడే ఆ పసుపు కనిపిస్తుంది. నేనైతే ఏళ్ల తరబడి మొత్తం నల్లగానే గీశాను! బొమ్మ సగంలో ఉండగా అది ఎగిరిపోతుంది, పోనీండి, ఇంకోటి వచ్చి అలాగే నిలబడుతుంది, అక్కణ్ణుంచి అందుకోండి. ఈకల వివరాలకి మాత్రం ఫోటోయే నయం. వానరోజు కూడా అంతే.