కృష్ణబిలాలపై పరిశోధన: అవకలన జ్యామితి మేలా, అధికశక్తి ఖగోళ భౌతికశాస్త్రం మేలా?

ఎమ్మెస్సీ చివరి సంవత్సరంలో ఉండి, కృష్ణబిలాల మీద పరిశోధన చేయాలనుకునే విద్యార్థికి ముఖ్యంగా రెండు దారులున్నాయి. ఒకటి గణిత శాఖలో మొదలయ్యే అవకలన జ్యామితి, అంటే వంపు తిరిగిన తలాలను, స్థలాలను కలనగణితంతో అధ్యయనం చేసే శాఖ. రెండోది భౌతికశాస్త్ర శాఖలో మొదలై ఎక్స్ కిరణాల, గామా కిరణాల టెలిస్కోపుల దాకా వెళ్లే అధికశక్తి ఖగోళ భౌతికశాస్త్రం. వస్తువు ఒకటే అయినా, ఒక సంగతి తేలిందని ఎప్పుడు ఒప్పుకోవాలన్న విషయంలో ఈ రెండింటికీ పొంతన లేదు. ఫెలోషిప్పు, గైడు, ఉద్యోగావకాశాల కంటే ముందుగా తూచవలసింది ఈ తేడానే అని నా అభిప్రాయం.

జ్యామితి ఎలాంటి జవాబు ఇస్తుందో చూద్దాం. భారీ నక్షత్రం తన బరువుకు తానే కూలిపోతే ఏమవుతుందో 1939లో ఓపెన్‌హైమర్, స్నైడర్ లెక్కగట్టారు. అయితే వారు నక్షత్రాన్ని నూటికి నూరుపాళ్లూ గుండ్రని గోళంగా తీసుకున్నారు. నిజమైన నక్షత్రం అంత నున్నగా ఉండదు కాబట్టి, చివర వచ్చే అనంత సాంద్రత ఆ ఊహ వల్ల పుట్టిన చిక్కేమో అన్న అనుమానం చాలాకాలం మిగిలిపోయింది. కలకత్తాకు చెందిన అమల్ కుమార్ రాయ్‌చౌధురి 1955లో ప్రచురించిన సమీకరణం ఆ అనుమానాన్ని తీర్చడానికి దారి వేసింది. స్థలాన్నీ కాలాన్నీ కలిపి చూసే స్థలకాలంలో పక్కపక్కనే సాగే జియోడెసిక్‌ల (గురుత్వం తప్ప వేరే బలమేదీ లేనప్పుడు వస్తువులు, కాంతి సాగే మార్గాల) కట్టను తీసుకుని, ఆ కట్ట విప్పారుతోందా, దగ్గరపడుతోందా అని ఈ సమీకరణం లెక్కిస్తుంది. పదార్థపు శక్తి ధనాత్మకంగా ఉన్నంతకాలం అది కట్టను దగ్గరకే లాగుతుంది. కట్ట ఆకారం సాగినా, నలిగినా ఫలితం అదే. మెలితిరిగే గుణం ఒక్కటే దానికి ఎదురునిలుస్తుంది. ఆ గుణం లేని కట్ట ఒకసారి దగ్గరపడటం మొదలుపెడితే, దాని మార్గం మధ్యలోనే తెగిపోకపోతే, పరిమిత దూరంలోనే కలిసితీరుతుంది.

రోజర్ పెన్రోజ్ 1965లో సుమారు మూడు పేజీల వ్యాసంలో ఇదే సూత్రాన్ని కాంతి కిరణాలకు వర్తింపజేసి, బయటికి పంపిన కాంతి కూడా కుంచించుకుపోయే తలం ఒకటి ఏర్పడితే, కొన్ని సహజమైన షరతులకు లోబడి, ఏదో ఒక కాంతి కిరణం మార్గం అర్ధాంతరంగా ముగిసిపోక తప్పదని నిరూపించారు. నక్షత్రం గుండ్రంగా ఉండవలసిన పని లేదు. 2020 నోబెల్‌లో సగం ఆయనకు దక్కింది. మిగిలిన సగాన్ని మన గెలాక్సీ కేంద్రాన్ని ఏళ్ల తరబడి గమనించిన గెంజెల్, గెజ్ పంచుకున్నారు. నోబెల్ కమిటీ కూడా ఈ రెండు దారుల్లో ఒకదాన్ని ఎంచుకోలేకపోయిందని సరదాగా అనుకోవచ్చు.

కానీ ఆ సిద్ధాంతం చెప్పనివి చాలా ఉన్నాయి. కిరణం ముగిసిన చోట ఏముందో అది చెప్పదు. ఫలానా నక్షత్రం అలా కూలిందా అన్నది దాని పరిధిలోనే లేదు. అలా మార్గాలు తెగిపోయే చోటు, అంటే సింగులారిటీ, ఎప్పుడూ కృష్ణబిలం లోపలే దాగి ఉంటుందా అని పెన్రోజ్ 1969లో లేవనెత్తిన ప్రశ్నకు ఇప్పటికీ పూర్తి నిరూపణ లేదు. జ్యామితిలో సగం నిరూపణకు పెద్దగా విలువ ఉండదు. పైగా మానిఫోల్డులు (వంపు తిరిగిన స్థలాల గణిత రూపాలు), వక్రత, పాక్షిక అవకలన సమీకరణాలు ఒంటబట్టేసరికే పీహెచ్‌డీ తొలి సంవత్సరాలు గడిచిపోతాయి.

రెండో దారిలో కష్టం వేరు. ఎక్స్ కిరణాలను వాతావరణం మింగేస్తుంది కనుక పరికరాన్ని పైకి పంపక తప్పదు. కృష్ణబిలం ఉన్న ఎక్స్ కిరణ మూలం సిగ్నస్ ఎక్స్-1 బయటపడింది 1964లో రాకెట్ మీద పంపిన పరికరాల వల్లనే. మన దగ్గర హైదరాబాదులోని టాటా మౌలిక పరిశోధన సంస్థ (టీఐఎఫ్ఆర్) బెలూన్ కేంద్రం నుంచి పరికరాలను ఎగరేశారు. 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి ఆస్ట్రోశాట్, 2024 జనవరి 1న ఎక్స్‌పోశాట్ అనే ఎక్స్ కిరణ పరిశోధన ఉపగ్రహాలు వెళ్లాయి. గామా కిరణాల కోసం లద్దాఖ్‌లోని హాన్లేలో నెలకొల్పిన 21 మీటర్ల మేస్ టెలిస్కోపును తయారుచేసింది హైదరాబాదులోని ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్.

ఇక్కడ వచ్చే జవాబు ఒక సంఖ్య, దాని పక్కన దోషపు అవధి, అంటే ఆ సంఖ్య ఎంత అటూఇటూ కావచ్చో చెప్పే హద్దు. ఇనుము ఎక్స్ కిరణ వర్ణపటంలో 6.4 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి దగ్గర సన్నని గీతను వెలువరిస్తుంది. కృష్ణబిలం అంచున తిరిగే వాయువు నుంచి వచ్చినప్పుడు ఆ గీత తక్కువ శక్తి వైపు తోకలా సాగుతుంది. సూర్యుడికి పది రెట్ల ద్రవ్యరాశి ఉన్న కృష్ణబిలం తిరగకుండా ఉంటే, వాయువు స్థిరంగా తిరగగల అతి దగ్గరి కక్ష్య సుమారు 90 కిలోమీటర్ల వ్యాసార్ధంలో ఉంటుంది. గరిష్ఠ భ్రమణం ఉండి, వాయువు కూడా అదే దిశలో తిరిగితే అది సుమారు 15 కిలోమీటర్లకు తగ్గుతుంది. అందువల్ల తోక పొడవును బట్టి భ్రమణాన్ని అంచనా వేయవచ్చు. జపాన్ ఉపగ్రహం ఆస్కా 1995లో ఒక గెలాక్సీ కేంద్రంలో ఇలాంటి గీతను చూపిన తరువాత, మధ్యలో అడ్డొచ్చిన వాయు మేఘాలు కూడా ఆ ఆకారాన్ని ఇవ్వగలవని కొందరు వాదించారు. ఆ వాదన చాలా ఏళ్లు నడిచింది. సిగ్నస్ ఎక్స్-1 ద్రవ్యరాశి కూడా సూర్యుడికి సుమారు 15 రెట్లని చాలాకాలం చెప్పుకున్నాక, దూరాన్ని సరిదిద్దేసరికి 2021లో 21 రెట్లయింది. పెన్రోజ్ సిద్ధాంతానికి ఇలాంటి సవరణ రాదు.

అయినా మన విశ్వవిద్యాలయాల్లో చదివే ఎక్కువ మందికి నేను రెండో దారినే సూచిస్తాను. ఆస్ట్రోశాట్ దత్తాంశాలు నిర్ణీత గడువు తరువాత అందరికీ తెరుస్తారు. నాసా భాండాగారమూ, విశ్లేషణకు వాడే సాఫ్ట్‌వేరూ ఉచితమే. ఒక మూలం, ఒక విస్ఫోటం, ఒక వర్ణపటం తీసుకుని శ్రద్ధగా చేసిన చిన్న పని కూడా లెక్కలోకి వస్తుంది, తరువాతి వారికి ఉపయోగపడుతుంది. దగ్గర్లో నిపుణుడు లేకపోయినా దూరం నుంచి సలహా తీసుకుంటూ నెగ్గుకురావచ్చు. జ్యామితిలో మాత్రం తప్పు దారి పట్టిన సంగతిని మొదటి నెలలోనే పసిగట్టి చెప్పే గురువు పక్కన లేకపోతే చాలా కాలం వృథా అవుతుంది.

దీనికి ఒక మినహాయింపు ఉంది. షరతును కొంచెం సడలిస్తే సిద్ధాంతం నిలుస్తుందా అన్న ప్రశ్న నిద్రపట్టనివ్వని వారు జ్యామితికే వెళ్లాలి. ఆ చదువు కృష్ణబిలాలతోనే ఆగిపోదు. ఆంధ్ర విశ్వకళా పరిషత్తులో గణితం చదివిన గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు 1945లోనే సంభావ్యతా విభాజనాల మధ్య దూరాన్ని, వంపు తిరిగిన స్థలాల్లో దూరాలను కొలిచే రీమన్ జ్యామితితో కొలిచారు.

ఎటూ తేల్చుకోలేనివారు వేసవి సెలవుల్లో రెండు పనులు చేసి చూడవచ్చు. రాయ్‌చౌధురి సమీకరణాన్ని పుస్తకం మూసి సొంతంగా రాబట్టాలి. తరువాత ఒక ఎక్స్ కిరణ వర్ణపటాన్ని దించుకుని, ఇనుము గీతకు రెండు వేర్వేరు నమూనాలను అతికించి, రెండూ దాదాపు సమానంగా సరిపోయినప్పుడు ఏది వదలాలో, ఎందుకు వదలాలో ఒక పేజీ రాయాలి. ఆ పేజీ రాస్తున్నప్పుడు విసుగు పుడితే జ్యామితి గైడును వెతుక్కోవాలి. ఇంకో ఉపగ్రహం దత్తాంశాలు కూడా చూద్దామనిపిస్తే ఖగోళ భౌతికశాస్త్రానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు.