1018081 దాకా పూర్తిగా నమ్మదగిన క్యాలిక్యులేటర్

ఒంగోలు ట్రంకు రోడ్డులోని ఒక స్టేషనరీ దుకాణంలో కాసియో ఎఫ్ఎక్స్-991ఈఎస్ ప్లస్ కొన్నాను. కొనేముందే నచ్చిన సంఖ్యలన్నీ కొట్టి చూసుకోనిచ్చారు. మాత్రికలు, సమీకరణాల జోలికి పోకుండా, పదో తరగతి వాస్తవ సంఖ్యల పాఠం చెప్పేవారికి అక్కరకొచ్చే ఒక్క సదుపాయం గురించే రాస్తున్నాను: పెద్ద పూర్ణసంఖ్యలను ప్రధాన కారణాంకాలుగా విడగొట్టడం.

పది అంకెల వరకు ఉన్న సంఖ్యను కొట్టి, సమానం గుర్తు నొక్కి, ఆపైన షిఫ్ట్, డిగ్రీల మీట వరుసగా నొక్కాలి. ఆ మీట పైన ఫ్యాక్ట్ అని రాసి ఉంటుంది. 987654321కి 3²×17²×379721 అని వచ్చింది. ఆ 379721 నిజంగా ప్రధాన సంఖ్యేనా అన్న సందేహం అక్కరలేదు. ఈ యంత్రం మూడంకెల వరకు ఉన్న ప్రధాన సంఖ్యలనే కారణాంకాలుగా వెదుకుతుంది. వాటి తర్వాత వచ్చే ప్రధాన సంఖ్య 1009, దాని వర్గం 1018081. ప్రతి సంయుక్త సంఖ్యకూ తన వర్గమూలాన్ని మించని ప్రధాన కారణాంకం ఒకటి ఉండి తీరుతుంది కనుక, ఆ వెదుకులాట తర్వాత మిగిలిన సంఖ్య 1018081 కంటే చిన్నదైతే అది ప్రధాన సంఖ్య కాక తప్పదు. ఇంత చక్కని తర్కం అరచేతిలో ఇమిడి ఉండటం నాకెంతో నచ్చింది.

హద్దు దాటితే మిగిలిన భాగాన్ని బ్రాకెట్లలో పెట్టి వదిలేస్తుంది. 1234567890కి 2×3²×5×(13717421) అని చూపింది; బ్రాకెట్లోది 3607, 3803ల లబ్ధం. గణితవేత్త ఫెర్మా ప్రధాన సంఖ్య అని నమ్మిన 2³²+1, అంటే 4294967297 ఇస్తే, 1732లో మరో గణితవేత్త ఆయిలర్ కనుగొన్న కారణాంకం 641 వెంటనే బయటపడి 641×(6700417) వచ్చింది. ఈ బ్రాకెట్లోది మాత్రం ప్రధాన సంఖ్యే. ఆయిలరే 1772లో ప్రధాన సంఖ్య అని నిరూపించిన 2147483647 మొత్తంగా బ్రాకెట్లోకే పోయింది. కాబట్టి బ్రాకెట్ ఉంటే తేల్చలేదనే అర్థం. పిల్లలు దాన్ని ప్రధాన సంఖ్యగా ఎత్తిరాయకుండా ముందే చెప్పాలి. 13717421 వర్గమూలం 3703 పైచిలుకే కనుక, 1009 నుంచి అక్కడి దాకా ఉన్న ప్రధాన సంఖ్యలతో భాగించి చూడటం ఓపిక ఉన్న తరగతికి మంచి అభ్యాసం.

పబ్లిక్ పరీక్షకు తీసుకెళ్లనివ్వరు కనుక పదో తరగతి పిల్లలకు విడిగా కొనిపెట్టనక్కరలేదు. లెక్కల మాస్టార్లకు మాత్రం తప్పక కొనమంటాను. పదకొండు అంకెల సంఖ్యలతో పని ఉన్నవారు కంప్యూటరునే ఆశ్రయించాలి.