వేడెక్కే రైజెన్‌కు ఎకో మోడా, టవర్ కూలరా?

కంప్యూటర్‌లో ఏఎండీ ప్రాసెసర్ చిప్ రైజెన్ 5 3600 తీసి, రైజెన్ 7 5800ఎక్స్ వేసుకున్నాక చాలామంది పాత చిన్న కూలర్‌నే మళ్లీ బిగిస్తారు. అది 65 వాట్ల చిప్‌తో వచ్చిన కూలర్. కొత్త చిప్ 105 వాట్లది, దాని డబ్బాలో కూలరే రాదు. మే నెలలో తిరుపతి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఏసీ లేని గదిలో వీడియో రెండరింగ్ (ఎడిట్ చేసినదాన్ని ఫైలుగా తయారుచేయడం) పెడితే చిప్ 90 డిగ్రీల హద్దుకు చేరి, తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది.

పైసా ఖర్చు లేనిది ఎకో మోడ్, అంటే చిప్‌ను తక్కువ కరెంటుతో నడిపే సెట్టింగ్. బయాస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగ్స్‌లో) ఆన్ చేస్తే, చిప్ గరిష్ఠంగా లాగగలిగే పవర్ పరిమితి 142 వాట్ల నుంచి 88కి దిగుతుంది. గేమ్స్‌లో తేడా పెద్దగా తెలియదు. యూనివర్సిటీ పిల్లలకు ఇది చాలు.

పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే స్టూడియోలు మాత్రం టవర్ కూలర్ (ఫ్యాన్ ఉన్న ఎత్తైన పెద్ద కూలర్) కొనుక్కోవాలనే నేనంటాను. పూర్తి వేగం దక్కుతుంది, ఫ్యాన్ రొద కూడా తగ్గుతుంది. కొనేముందు క్యాబినెట్‌లో ఎంత ఎత్తు పడుతుందో కొలుచుకోండి, లేదంటే పక్క తలుపు మూసుకోదు. చిప్ వేడిని కూలర్‌కు చేరవేసే పాత థర్మల్ పేస్ట్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, చిప్ మధ్యలో బఠాణీ గింజంత కొత్తది పెట్టాలి. అన్నిటికన్నా జాగ్రత్త పాత కూలర్ తీసేటప్పుడే: నేరుగా పైకి లాగితే చిప్ కూడా అంటుకుని ఊడొస్తుంది, పిన్నులు వంగుతాయి. కాసేపు సిస్టమ్ నడిపి, ఆఫ్ చేసి, పేస్ట్ వేడి మీద ఉండగానే అటూ ఇటూ మెల్లగా తిప్పి తీయండి.