అరికాళ్లలో చిమచిమ: నాలుగేళ్ల చీగాంగ్ సాధన

నాలుగేళ్లుగా రోజూ చీగాంగ్ చేస్తున్నాను. ఊపిరితో కలిపి నెమ్మదిగా చేసే చైనా వ్యాయామం అది. మొదటి రెండేళ్లు, కలిసిన ప్రతివారికీ దీన్ని నేర్చుకోమని చెప్పాను. ఇప్పుడూ చెబుతున్నాను గానీ ముందుగా ఒక మాట అడుగుతున్నాను: మీకు చక్కెర వ్యాధి ఉందా?

చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు పరిశ్రమలో కాటా గదిలో లెక్కలు చూడటం నా పని. జూన్, జూలై నెలల్లో తోతాపురి కాయలతో ట్రాక్టర్లు రాత్రంతా బారులు తీరి ఉంటాయి. వరుసలో వేచి వేచి అలసిన రైతుకు తరుగు ఎంత తీశారో నేను చెప్పాలి. ఆయన గొంతు పెరుగుతుంది, నాదీ పెరుగుతుంది. తెల్లవారి ఇంటికి వెళ్లి పడుకున్నా ఆ మాటలే చెవుల్లో తిరిగేవి.

యోగా ప్రయత్నించాను. కింద కూర్చుని లేవడం నా మోకాళ్లకు కష్టమయింది, పైగా కాటా గదిలో చాప పరిచే చోటు లేదు. బాదువాన్‌జిన్‌కు ఆ ఇబ్బంది లేదు. చీగాంగ్‌లో చైనా ప్రభుత్వ క్రీడా యంత్రాంగం 2003లో ప్రామాణికంగా విడుదల చేసిన నాలుగు వరుసల్లో ఇది ఒకటి. ఎనిమిది కదలికలు, పన్నెండు నిమిషాలు, అన్నీ నిలబడే చేయొచ్చు. రెండు ట్రాక్టర్ల మధ్య దొరికే విరామం చాలు. ఈ సౌకర్యాన్ని నేను ఎంత మెచ్చుకున్నా తక్కువే.

మూడో నెలలోనే ఫలితం కనిపించింది. ఒక రాత్రి ఒక రైతు తూకం చీటీని నా బల్ల మీదికి విసిరారు. నోటిదాకా వచ్చిన మాటను అనబోతూ, అలవాటు కొద్దీ ఊపిరి నెమ్మదిగా వదిలాను. మాట కూడా దానితోపాటే వెళ్లిపోయింది. "కూర్చోండి పెద్దాయనా, ఇంకోసారి తూకం వేయిద్దాం" అన్నాను. ఆయన కూర్చున్నారు, నీళ్లు తాగారు. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో నాకు రాని ఓర్పు అది. ఆ రాత్రి నుంచి దీన్ని నమ్మాను.

రెండో ఏడాది చివర చెట్టును కౌగిలించుకున్నట్టు చేతులు పెట్టి కదలకుండా నిలబడే సాధన కూడా మొదలుపెట్టాను. దాన్ని అంతర్జాలంలో ఒక తరగతిలో చేరి నేర్చుకున్నాను. చేతులు వెచ్చబడటం, వేళ్లలో చిమచిమలాడటం 'చీ', అంటే ప్రాణశక్తి, కదులుతున్న గుర్తులని అక్కడ చెప్పారు. నాకు అరికాళ్లలో కూడా చిమచిమ మొదలైంది. కొన్ని వారాలకు దూది మీద నిలబడినట్టు అనిపించసాగింది. రాత్రిళ్లు సూదులు గుచ్చినట్టుండేది. అడిగితే, మార్గాలు తెరుచుకుంటున్నాయి, ఆపవద్దన్నారు. నేను ఆపలేదు సరికదా, ఇరవై నిమిషాలను నలభై చేశాను. శరీరం తేలికవుతోందని ఎంతో ఆనందపడ్డాను. అప్పటికి పదేళ్లుగా నేను చక్కెరకు మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను. ఈ రెంటినీ కలిపి ఆలోచించాలని నాకు తట్టలేదు.

మూడో ఏడాది ఏప్రిల్‌లో, కాయ రాకముందే మొక్కు తీర్చుకుందామని అలిపిరి నుంచి తిరుమలకు కాలినడకన బయల్దేరాము. మొత్తం 3,550 మెట్లు. గాలిగోపురం దగ్గర ఆయాసం తీర్చుకునే అలవాటున్న నేను ఈసారి ఆగకుండానే దాటాను. మోకాళ్ల పర్వతం మెట్లు కూడా ఊపిరి చెదరకుండా ఎక్కాను. నా ఆవిడ వెనకబడితే ఆగి, ఆమెకు ఊపిరి ఎలా వదలాలో చెబుతున్నాను. అప్పుడు ఆమె నేను దాటి వచ్చిన మెట్ల వైపు చూసింది.

"ఏమండీ, మీ కాలి నుంచి రక్తం వస్తోంది. తెలియడం లేదా?"

నాకు తెలియలేదు. ఎడమ పాదం బొటనవేలి కింద చిన్న రాతిముక్క దిగి ఉంది. అది ఏ మెట్టు దగ్గర గుచ్చుకుందో ఇప్పటికీ చెప్పలేను. నొప్పి లేకపోవడం చూసి నాకు వేసిన భయం ఏ నొప్పికీ వేయలేదు.

తిరుపతిలో ఒక వైద్యురాలు పుండు శుభ్రం చేసి, కళ్లు మూసుకోమని సన్నని నైలాన్ దారంతో అరికాళ్ల మీద పది చోట్ల తాకారు. ఆరు చోట్ల నాకు స్పర్శ తెలియలేదు. రక్తపరీక్షలో బి12 విటమిన్ బాగా తక్కువగా ఉంది. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బి12 తగ్గవచ్చనీ, చక్కెర వల్ల కూడా నరాలు దెబ్బతింటాయనీ, నా కాళ్లలో రెండూ కలిశాయనీ చెప్పారు. నేను ప్రాణశక్తి అనుకున్నది నరాల మొర. ఆ ఏడు నెలల ఆలస్యం మీద నా కోపం ఇంకా చల్లారలేదు. చీగాంగ్ మీద కాదు. ఎదుటి మనిషికి ఏ జబ్బు ఉందో అడగకుండా 'ఆపవద్దు' అని చెప్పిన ఆ జవాబు మీద.

బి12 సూదులతో చిమచిమ సగం తగ్గింది. స్పర్శ పూర్తిగా తిరిగి రాలేదు, వస్తుందని వైద్యురాలు మాట ఇవ్వలేదు. సాధన మానమని కూడా ఆమె చెప్పలేదు. నేనే మార్పులు చేసుకున్నాను. చెప్పులు లేకుండా చేయను. మడమలు ఎత్తి నేలకు వదిలే చివరి కదలికను బల్ల పట్టుకుని, మడమను మెల్లగా దించుతూ చేస్తాను. తల వంచి పక్కలకు తిప్పే ఐదో కదలికతో నాకు కళ్లు తిరుగుతాయి, దాన్ని వదిలేశాను. నలభై నిమిషాల నిలబడటం పన్నెండుకు తగ్గింది.

నిద్ర మెరుగైందని గతంలో అందరికీ చెప్పాను. నిజానికి మెరుగైంది కాయ లేని నెలల్లోనే, సీజన్‌లో అంతంతమాత్రమే. రక్తపోటు కొంత తగ్గింది గానీ మాత్ర మానలేదు. చీగాంగ్‌తో రక్తపోటు, నిద్ర మెరుగవుతాయని చెప్పే పరిశోధనలు ఉన్నాయి, వాటిలో చాలావరకు కొద్దిమంది మీద చేసినవే. నా వరకు గట్టిగా నిలిచింది ఓర్పు ఒక్కటే. అయితే నాది రోజంతా మనుషులతో వాదించే ఉద్యోగం. ప్రశాంతమైన పని చేసేవారికి ఇంత తేడా తెలుస్తుందో లేదో.

పోయిన వారం మా తోడల్లుడు నేర్పమని వచ్చారు. ఆయనా పన్నెండేళ్లుగా చక్కెర మాత్రలు వాడుతున్నారు. ముందు పాదాల పరీక్ష, బి12 పరీక్ష చేయించుకోమన్నాను. సోమవారం ఫలితాలు వస్తాయి. అవి చూశాక మొదటి మూడు కదలికలు నేర్పుతాను.