గోడకి ఏ బొమ్మ: చర్చ్ కొండలా, హార్నెట్ వయొలినా?

ఖర్చు: అమెరికన్ చిత్రకారుడు ఫ్రెడరిక్ చర్చ్ గీసిన కొండల బొమ్మ ‘హార్ట్ ఆఫ్ ది ఆండీస్’ (1859) న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో, మరో అమెరికన్ చిత్రకారుడు విలియం హార్నెట్ ‘ది ఓల్డ్ వయొలిన్’ (1886) వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీలో ఉన్నాయి. రెండు బొమ్మలూ ఆ మ్యూజియంల సైట్లలో ఉచితమే. ఖర్చల్లా ప్రింటుకీ, ఫ్రేముకీ.

రిస్కు: కొండల బొమ్మకే ఎక్కువ. అసలుది మూడు మీటర్ల వెడల్పు. కుదిస్తే శిలువ దగ్గరి మనుషులూ, చెట్టు మొదలు మీద చెక్కినట్టున్న చర్చ్ సంతకమూ మాయం. వయొలిన్ బొమ్మ మీటరెత్తు లోపే, అసలు సైజులోనే వేయించొచ్చు. పచ్చ తలుపు, తుప్పుపట్టిన బందులు, మూలన నీలం కవరు. అమెరికాలోని సిన్సినాటి ప్రదర్శనలో, నిజం వయొలినేమోనని జనం తాకి చూడకుండా కాపలా పెట్టారంటే ఆ పనితనం అలాంటిది!

పెద్ద హాలూ, వెడల్పు గోడా ఉంటే చర్చ్. ఇరుకు వరండా అయితే, దగ్గర నిలబడి చూస్తారు కాబట్టి, నిస్సందేహంగా హార్నెట్.