సీజీహెచ్ఎస్ కార్డు: రిటైరయ్యాక ఇన్నేళ్ల వాడకంలో తెలిసింది

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు, పెన్షనర్లకు ఉండే ఆరోగ్య పథకం సీజీహెచ్ఎస్. రిటైర్ కాబోతున్నవాళ్లు దాని కార్డు తీసుకోవాలా వద్దా అని అడిగితే నేను ముందు ఒకటే అడుగుతాను. ఈ కార్డు మీద డాక్టరుకు చూపించుకుని మందులు తెచ్చుకునే డిస్పెన్సరీ మీ ఇంటికి ఎంత దూరం? బోర్డు మీద ఇప్పుడు వెల్‌నెస్ సెంటర్ అని ఉంటుంది గానీ క్యూలో నిలబడేవాళ్లం అందరం డిస్పెన్సరీ అనే అంటాం. ఆసుపత్రి అవసరం ఎప్పుడో గానీ రాదు. బీపీ, షుగర్ మాత్రలు మాత్రం ప్రతి నెలా కావాలి. ఈ కార్డు విలువ సగం పైగా ఆ మాత్రల్లోనే ఉందని నా అభిప్రాయం.

నేను కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో పనిచేసి 2018లో హైదరాబాద్‌లో రిటైరయ్యాను. చందా మన పే లెవెల్‌ను, అంటే జీతం శ్రేణిని బట్టి ఉంటుంది. మాది లెవెల్ 6. నెలకు 450 రూపాయల లెక్కన ఏడాదికేడాది కట్టుకోవచ్చు, లేదంటే పదేళ్ల చందా ఒకేసారి కట్టి జీవితకాలం కార్డు తీసుకోవచ్చు. నేను రెండోదే ఎంచుకుని 54,000 కట్టాను. గ్రాట్యుటీ చేతికొచ్చిన సమయంలోనే కట్టేయడం మంచిదైంది. లెవెల్ 5 వరకు నెలకు 250, లెవెల్ 7 నుంచి 11 వరకు 650, ఆపైన 1,000. ఇంట్లో ఎంతమంది ఉన్నా చందా ఒక్కటే. పాత జబ్బులకు వెయిటింగ్ పీరియడ్, అంటే ఇన్నాళ్లు ఆగితేనే వర్తిస్తుందనే షరతు, అనేదే లేదు. అరవై దాటి షుగర్ ఉన్న మనిషికి ప్రైవేటు పాలసీలో ఈ రెండూ దొరకడం కష్టం.

నా కార్డు మీద మావారు, అత్తయ్యగారు ఉన్నారు. ఉద్యోగం చేసిన ఆడవాళ్లు తల్లిదండ్రులను గానీ అత్తమామలను గానీ, ఒక పక్షాన్నే చేర్చుకోవాలి. మా అమ్మకు నాన్నగారి ఫ్యామిలీ పెన్షన్ వస్తోంది, అది పరిమితి దాటుతుంది. నెలకు 9,000, దాని మీద డీఏ కలిపి వచ్చే మొత్తానికి లోపు ఆదాయం ఉన్నవాళ్లనే ఆధారపడినవాళ్లుగా లెక్కిస్తారు. అందుకే అత్తయ్యగారి పేరు పెట్టాను. మా అబ్బాయికి ఉద్యోగం రాగానే వాడి పేరు తీయించేశాం. ఉద్యోగం రాకపోయినా కొడుకుకి 25 ఏళ్ల వరకే. కూతురికి పెళ్లో సంపాదనో వచ్చేదాకా ఉంటుంది. పిల్లలు ఉద్యోగాల్లో చేరాక వాళ్ల పాలసీ వాళ్లు చూసుకోవాల్సిందే.

ఇక మందుల సంగతి. స్టాకు ఉన్నవి అప్పటికప్పుడే ఇస్తారు. లేనివాటికి డిస్పెన్సరీవాళ్లు ఇండెంట్ (ఆర్డరు) పెడితే లోకల్ కెమిస్ట్ నుంచి వస్తాయి, వాటి కోసం మళ్లీ వెళ్లాలి. డాక్టరు రాసిన కంపెనీవే ఇవ్వరు, అదే మందు వేరే కంపెనీది ఇస్తారు. ఒక నెల తెల్ల మాత్ర, ఇంకో నెల గులాబీ మాత్ర. అత్తయ్యగారు రంగు చూసి గుర్తుపట్టే మనిషి, ఆవిడకు ఇది నిజంగా టెన్షన్. అందుకని నేను స్ట్రిప్పు మీద 'పొద్దున', 'రాత్రి' అని మార్కర్‌తో పెద్దక్షరాల్లో రాసి ఇస్తాను. ఇంట్లో పెద్దవాళ్లు ఉన్న ప్రతివాళ్లూ ఈ పని చేయాలి.

మావారికి ఒక రాత్రి గుండెనొప్పి వచ్చింది. ఎమర్జెన్సీకి రిఫరల్, అంటే డిస్పెన్సరీ డాక్టరు రాసిచ్చే కాగితం, అక్కర్లేదు, పెన్షనర్లకు ఎంప్యానెల్ (సీజీహెచ్ఎస్ జాబితాలో ఉన్న) ఆసుపత్రుల్లో డబ్బు కట్టకుండానే వైద్యం. రూలు అదే. అయినా మేం వెళ్లిన చోట కౌంటర్‌లో 'సీజీహెచ్ఎస్ బెడ్లు లేవు, డిపాజిట్ కడితే చూద్దాం' అన్నారు. ఆ మాట విన్నప్పుడు కాళ్లు వణికాయి. మా అబ్బాయి గట్టిగా నిలబడి, ఎమర్జెన్సీని కాదంటున్నట్టు కాగితం మీద రాసివ్వమన్నాడు, సీజీహెచ్ఎస్ వ్యవహారాలు చూసే నోడల్ ఆఫీసర్ ఎవరని అడిగాడు. కాసేపటికే చేర్చుకున్నారు. యాంజియోప్లాస్టీ చేసి స్టెంటు వేశారు. సెమీ ప్రైవేట్ వార్డు, మా చేతి నుంచి ఒక్క రూపాయి కట్టలేదు. వైద్యం బాగా చేశారు. కానీ వెంట గట్టిగా మాట్లాడే మనిషి లేని పెన్షనర్ల పరిస్థితి ఏమిటని నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. అడగవలసిన ఆ రెండు మాటలూ ఇంట్లో అందరికీ ముందే చెప్పి ఉంచండి.

జాబితాలో లేని ఆసుపత్రిలో ఎమర్జెన్సీగా చేరితే ముందు మనం కట్టి తర్వాత క్లెయిమ్ చేసుకోవాలి. వచ్చేది సీజీహెచ్ఎస్ రేటు మేరకే. ఒరిజినల్ బిల్లులు, డిశ్చార్జ్ సమ్మరీ, ఎమర్జెన్సీ సర్టిఫికెట్ పోగొట్టుకోవద్దు.

డెబ్బై దాటినవాళ్లకు ఇప్పుడు స్పెషలిస్టు దగ్గరికి వెళ్లడానికి డిస్పెన్సరీ రిఫరల్ కూడా అవసరం లేదు. ఇంతకుముందు ఇది 75 ఏళ్లకు ఉండేది. మావారి చెకప్‌లు దీనివల్ల చాలా తేలికయ్యాయి.

ఈమధ్య ఎక్కువమంది అడుగుతున్నది ఆయుష్మాన్ వయ వందన గురించి. ఇది పెద్దవాళ్లకు ఆసుపత్రి ఖర్చు భరించే కేంద్ర ప్రభుత్వ కార్డు. 2024 అక్టోబరు 29న మొదలైంది. 70 నిండితే చాలు, ఆదాయం చూడరు, ఏడాదికి 5 లక్షలు. పెన్షన్ లేని మా అక్కాబావలకు నేనే దగ్గరుండి తీయించాను. ఆధార్‌లో వయసు సరిగ్గా ఉండాలి, అక్కడ తేడా ఉంటే ముందు దాన్ని సరిచేయించుకోవాలి. భార్యాభర్తలిద్దరూ డెబ్బై దాటినా ఆ 5 లక్షలు ఇద్దరికీ కలిపే. ఒకరికి 72, ఇంకొకరికి 66 ఉంటే చిన్నవాళ్లకు ఇందులో చోటు లేదు. ప్రైవేటు పాలసీ ఉన్నా దీన్ని తీసుకోవచ్చు గానీ సీజీహెచ్ఎస్ ఉన్నవాళ్లు రెండింట్లో ఒకటే ఎంచుకోవాలి. వయ వందన ఆసుపత్రిలో చేరితేనే పనికొస్తుంది, నెలనెలా మాత్రలు ఇవ్వదు. కాబట్టి డిస్పెన్సరీ దగ్గరలో ఉన్నవాళ్లు సీజీహెచ్ఎస్‌ను వదులుకోవద్దని గట్టిగా చెబుతాను.

సీజీహెచ్ఎస్ లేని ఊళ్లో స్థిరపడే పెన్షనర్లకు వేరే దారి ఉంది. బయట మందులు కొనుక్కోవడానికి నెలకు 1,000 మెడికల్ అలవెన్సు తీసుకుంటూ, ఆసుపత్రిలో చేరే అవసరానికి మాత్రం దగ్గరి నగరంలో కార్డు పెట్టుకోవచ్చు. సొంతూరికి వెళ్లిపోయిన మా పాత సెక్షన్ ఆఫీసరుగారు అలాగే చేశారు. వెయ్యి ఆయన మందులకు చాలడం లేదు, కానీ మోకాళ్ల ఆపరేషన్ ఆ కార్డు మీదే అయింది.